ఇండెంట్‌లో క్లోన్ పేరు కొట్టేయకండి: విశాఖ పర్చేజ్ కమిటీలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని యూనివర్సిటీలు, మెడికల్ కాలేజీలు, పరిశోధన సంస్థల పర్చేజ్ కమిటీ సభ్యులకు, స్టోర్స్ సెక్షన్ వారికి, మా గైడ్లకు నమస్కారం.

నేను ఈ ఊళ్లో 14 ఏళ్లుగా ల్యాబుల్లో పనిచేస్తున్నాను. మొదట రిసెర్చ్ స్కాలర్‌ని, ఇప్పుడు ప్రాజెక్టు స్టాఫ్‌ని. పని మాక్రోఫేజ్‌ల మీద, అంటే సూక్ష్మక్రిములను మింగే రక్షక కణాల మీద. కింద రాసినవన్నీ ఒకే చోట జరిగినవి కావు, ఆ చోట్ల పేర్లు చెప్పను కూడా. ఎవరినో బోనులో నిలబెట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. మీ దగ్గరికి వచ్చే ఇండెంట్లలో యాంటీబాడీ (ఒక ఫలానా ప్రోటీన్‌ని వెతికి అతుక్కునే అణువు) పేరు పక్కన అర్థం కాని అక్షరాలు, అంకెలు కొన్ని ఉంటాయి, అవే క్లోన్ పేర్లు. వాటిని కొట్టేయకండి. మేం కొనేది వాటినే. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ ఇంత మాటకే మీరు ఒప్పుకోరని తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మాక్రోఫేజ్ మీద సీడీ163 అనే రిసెప్టర్‌ని (బయటి అణువులను పట్టుకునే ప్రోటీన్) చూడటానికి యాంటీబాడీ కావాలని ఇండెంట్ పెట్టాను. ‘యాంటీ హ్యూమన్ సీడీ163, క్లోన్ జీహెచ్‌ఐ/61, పీఈ రంగుతో, ఫ్లో సైటోమెట్రీకి’ అని రాశాను. రంగు అంటించిన యాంటీబాడీ ఏ కణాలను పట్టుకుందో, వాటి వెలుగుని బట్టి మెషిన్‌తో ఒక్కో కణాన్నీ చూసే పద్ధతి అది. అది రెండు మూడు టేబుళ్లు దాటేసరికి ‘సీడీ163 యాంటీబాడీ, 1 వయల్’ అయింది. మూడు కొటేషన్లు వచ్చాయి. కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేశారు. ఎల్‌1కి, అంటే అందరికంటే తక్కువ రేటు చెప్పినవారికి, ఆర్డరు వెళ్లింది. కాగితాల మీద అంతా సవ్యమే. 11 వారాలకు పార్సిల్ వచ్చింది. తెరిచి చూస్తే రంగు కలపని యాంటీబాడీ, అదీ పారాఫిన్‌లో పెట్టి పలచగా కోసిన కణజాలం మీద వాడేది.

పారాఫిన్ సెక్షన్‌లోని ప్రోటీన్‌కీ బతికున్న కణం మీది ప్రోటీన్‌కీ చాలా తేడా. ఫార్మలిన్‌లో నానాక, వేడిచేశాక దాని మడతలు మారిపోతాయి. ఆ మారిన రూపాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ, ట్యూబులో తేలుతున్న బతికున్న కణం మీది అదే రిసెప్టర్‌ని గుర్తుపడుతుందన్న నమ్మకం లేదు. అయినా ఆశ కొద్దీ, రంగున్న సెకండరీ యాంటీబాడీ (మొదటి యాంటీబాడీకి అతుక్కునేది) కోసం మళ్లీ ఇండెంట్ పెట్టాను. మరో ఏడు వారాలు. చివరికి ట్యూబులో మాక్రోఫేజ్‌లు ఉన్నాయి, యాంటీబాడీ ఉంది, సిగ్నల్ మాత్రం లేదు. ఆ వయల్ మీద మిగిలింది సుమారు 9 వేల రూపాయలు. ఆ 9 వేలు మిగల్చడానికి నాలుగు నెలల పైచిలుకు ఫెలోషిప్ ఖర్చయింది. ఆడిట్‌లో మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ‘చేప, 1 కేజీ, తక్కువ రేటుది’ అని ఎవరం అడగం. వంజరం కావాలా, చందువ కావాలా, కవ్వళ్లు కావాలా, పులుసుకా వేపుడుకా అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాతే బేరం ఆడతాం. సీడీ163 అన్న మాట చేప అన్న మాట లాంటిది. జీహెచ్‌ఐ/61 అన్నది వంజరం.

ఇది ఎందుకిలా అయిందో కొంచెం చెప్పాలి. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు, యాంటీబాడీ తయారుచేసే బీ కణాన్ని ఆగకుండా పెరిగే మైలోమా అనే క్యాన్సర్ కణంతో కలిపారు. అలా పుట్టిన కణ వంశం ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇస్తూ ఉంటుంది. ఆ వంశం పేరే క్లోన్. 1984లో ఆ ఇద్దరికీ, జెర్నేకీ కలిపి నోబెల్ ఇచ్చారు. నోబెల్‌కి ముందే ప్రతి ల్యాబూ తన యాంటీబాడీలకు తనకు తోచిన పేర్లు పెట్టుకోవడం మొదలైంది. ఒకే అణువుకి నాలుగు పేర్లు, ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియని పరిస్థితి. 1982లో పారిస్‌లో కూర్చుని, ఒకే అణువుని పట్టుకునే యాంటీబాడీలను గుంపులు కట్టి ఆ గుంపులకు నంబర్లు ఇచ్చారు. సీడీలోని సీ అంటే క్లస్టర్, అంటే గుంపు. కాబట్టి మీరు ‘సీడీ163 యాంటీబాడీ’ అని ఆర్డరు రాసిన ప్రతిసారీ ఒక గుంపుని ఆర్డరు చేస్తున్నారు. గుంపులో ఎవరు వస్తారన్నది సప్లయర్ ఇష్టం.

క్లోన్ పేరు రాస్తే అది బ్రాండ్ పేరు రాసినట్టే, పోటీకి అడ్డం కదా అని నాతో ఒక సీనియర్ అధికారి అన్నారు. ఆయన నిజాయతీగానే అడిగారు. క్లోన్ బ్రాండ్ కాదు సార్. జీహెచ్‌ఐ/61ని ఒక కంపెనీ కాదు, చాలా కంపెనీలు అమ్ముతాయి. బాగా వాడుకలో ఉన్న క్లోన్లు చాలావాటికి ఇదే పరిస్థితి. క్లోన్, ఏ జంతువు కణాలకు, ఏ పద్ధతికి, ఏ రంగుతో అన్న నాలుగూ స్పెసిఫికేషన్‌లో రాసి, అవి సరిపోయిన కొటేషన్లలో ఎల్‌1 చూడండి. పోటీకి పోటీ ఉంటుంది, సరుకూ వస్తుంది. ఒకే కంపెనీ దగ్గర దొరికే క్లోన్ అయితే ప్రొప్రైటరీ సర్టిఫికెట్ (ఇది వీళ్ల దగ్గరే దొరుకుతుందని రాసిచ్చేది) పద్ధతి ఎటూ ఉంది. దాని మీద సంతకం పెట్టడానికి చాలామంది గైడ్లు ఎందుకు భయపడతారో నాకు అర్థం కాదు, కానీ భయపడతారు.

ఏ జంతువు కణాలకు అన్నది కూడా చిన్న విషయం కాదు. మాక్రోఫేజ్ అనగానే పుస్తకాల్లో ముందు కనిపించే పేరు ఎఫ్4/80. ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్టిన్, గోర్డన్ 1981లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. ఎలుక మాక్రోఫేజ్‌లను గుర్తుపట్టే యాంటీబాడీ అది. ఎంత పేరు వచ్చిందంటే క్లోన్ పేరే అణువు పేరయింది. మనిషిలోనూ దానికి సాటి జన్యువు ఉంది గానీ, దాని ప్రోటీన్ ప్రధానంగా కనిపించేది ఇసినోఫిల్స్ అనే వేరే రకం తెల్ల రక్తకణాల మీద. ఒకసారి ఒక ల్యాబులో మనుషుల బయాప్సీల కోసం ఎఫ్4/80 తెప్పించారు. ‘మాక్రోఫేజ్ మార్కర్ అన్నారు, తక్కువలో వచ్చింది’ అని. ఇక్కడ తప్పు కమిటీది కాదు, ఇండెంట్ రాసిన మాది. మా తప్పులు కూడా ఒప్పుకోకపోతే ఈ ఉత్తరానికి విలువ ఉండదు.

సీడీ68 కథ ఇంకోలా ఉంటుంది. మనిషి మాక్రోఫేజ్‌లకు పాథాలజీ వాళ్లు ఎక్కువగా వాడేది అదే. కానీ అది చాలావరకు కణం లోపల, లైసోజోములనే అరుగుదల సంచుల్లో ఉంటుంది. కణాన్ని చిల్లులు చేసి యాంటీబాడీని లోపలికి పంపే బఫర్ లేకుండా పైపైన స్టెయిన్ చేస్తే పెద్దగా ఏమీ కనపడదు. ఇండెంట్‌లో సీడీ68 కింద పర్మియబిలైజేషన్ బఫర్ అని ఒక లైన్ ఉంటే, అది విడిగా అడుగుతున్న విలాసం కాదు. పైగా సీడీ68లోనే కేపీ1 అనే క్లోన్ మాక్రోఫేజ్‌లతో పాటు వాటి బంధువులైన ఇతర మైలాయిడ్ కణాలనూ పట్టుకుంటుంది, పీజీ-ఎమ్1 అనేది వాటి జోలికి అంతగా పోదు. నంబరు ఒకటే, జవాబులు రెండు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇండెంట్లలో ఎక్కువసార్లు ఎర్ర ఇంకు పడేది ఇక్కడే: ఎఫ్‌సి బ్లాక్, ఐసోటైప్ కంట్రోల్, వయబిలిటీ డై. ‘మెయిన్ యాంటీబాడీ ఇస్తున్నాం కదా, ఇవన్నీ ఎందుకు?’ అని.

యాంటీబాడీకి రెండు చేతులు, ఒక తోక ఉంటాయనుకోండి. చేతులతో తన లక్ష్యాన్ని పట్టుకుంటుంది. తోకని పట్టుకోవడానికి మాక్రోఫేజ్ ఒంటి నిండా ప్రత్యేకమైన కొక్కేలు ఉంటాయి, వాటినే ఎఫ్‌సి రిసెప్టర్లు అంటారు. సీడీ64, సీడీ32, సీడీ16 ఆ కుటుంబమే. బ్యాక్టీరియాకు యాంటీబాడీలు అతుక్కుంటే, మాక్రోఫేజ్ ఆ తోకలు పట్టుకుని బ్యాక్టీరియాని లోపలికి లాగి మింగుతుంది. యాంటీబాడీని పట్టుకోవడం దానికి కులవృత్తి లాంటిది. లింఫోసైట్ల మీద పనిచేసేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. మాకు మాత్రం, సీడీ206 అనే రిసెప్టర్ ఉందేమో చూసి రమ్మని పంపిన యాంటీబాడీని ఆ మాక్రోఫేజే తోక పట్టుకుని కూర్చోబెడుతుంది. సీడీ206 ఉన్నా లేకపోయినా కణం వెలుగుతుంది. చేతితో పట్టుకుందా తోకతో దొరికిందా అన్నది మెషిన్‌కి తెలియదు. సీడీ64 అయితే ఒంటరిగా తిరిగే ఐజీజీని (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) కూడా గట్టిగా పట్టేస్తుంది. ఎలుక ఐజీజీ2ఏ రకం యాంటీబాడీలను మనిషి సీడీ64 మహా ప్రేమగా పట్టుకుంటుంది, మేం వాడేవాటిలో ఆ రకం తక్కువేం కాదు.

ఎఫ్‌సి బ్లాక్ చేసే పని ఆ కొక్కేలను ముందే నింపేయడం. మనిషి కణాలకైతే మనిషి ఐజీజీతోనో, కొనే బ్లాకింగ్ రీఏజెంట్‌తోనో. ఎలుక కణాలకైతే 2.4జీ2 అనే క్లోన్ ఎక్కువ వాడుక, అది సీడీ16నీ సీడీ32నీ కప్పేస్తుంది. (ఒకతను 2.4జీ2తో బ్లాక్ చేసి, ఆ తర్వాత సీడీ16 కనపడటం లేదని మూడు రోజులు తల పట్టుకున్నాడు. ఆ ఒకతను నేనే.) ఐసోటైప్ కంట్రోల్ అంటే అదే తోక ఉండి, చేతులు దేన్నీ పట్టుకోని యాంటీబాడీ. అది కూడా వెలిగిందంటే మన వెలుగులో ఎంత అబద్ధమో కొంత తెలుస్తుంది. చచ్చిన కణాలు దొరికిన ప్రతి యాంటీబాడీనీ అంటించుకుంటాయి కాబట్టి వాటిని ఏరేయడానికి వయబిలిటీ డై. దీనికి తోడు మాక్రోఫేజ్‌కి సొంత వెలుగు కూడా ఎక్కువ, ఏ యాంటీబాడీ వేయకుండానే కొంచెం మెరుస్తుంది.

ఈ మూడూ కొట్టేసిన ఇండెంట్‌తో వచ్చిన సరుకు మీద మా జూనియర్ అమ్మాయి ఆరు నెలలు పనిచేసింది. ప్రతి శాంపిల్లోనూ 90 శాతం పైన పాజిటివ్. అందరం సంతోషించాం. ఒకరోజు పక్క ల్యాబ్ నుంచి ఐసోటైప్ కంట్రోల్ కాస్త అడిగి తెచ్చి వేస్తే, అదీ దాదాపు అంతే పాజిటివ్. ఆ ఆరు నెలల గ్రాఫులు థీసిస్‌లోంచి తీసేయాల్సి వచ్చింది. తను ముందే చూసుకుంది కాబట్టి థీసిస్ నిలబడింది. చూసుకోనివాళ్ల గ్రాఫులు ఏ జర్నల్లో ఉన్నాయో మనకు తెలియదు.

స్టోర్స్ వారితో రెండు మాటలు. విశాఖ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా. యాంటీబాడీ బాక్సు మీద ‘2 నుంచి 8 డిగ్రీలు’ అని ఉంటుంది. శుక్రవారం సాయంత్రం వచ్చిన బాక్సు సోమవారం దాకా టేబుల్ మీద ఉంటే లోపలి జెల్ ప్యాకులు నీళ్లవుతాయి. మే నెలలో అయితే ఒక్క మధ్యాహ్నం చాలు. మీలో ఒకరు మంచి ఉద్దేశంతోనే, చల్లగా ఉండాలి కదా అని ఒక పీఈ యాంటీబాడీని మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టారు. పీఈ అంటే ఫైకోఎరిథ్రిన్, సముద్రంలో పెరిగే ఎర్ర నాచులో ఉండే రంగు ప్రోటీన్. అది గడ్డకడితే పాడవుతుంది. ఏపీసీ అనే రంగు కూడా అంతే. రెండు రంగులు జతకట్టిన టాండెమ్ డైలకు వెలుతురు పడదు, ట్యూబ్‌లైట్ కింద వదిలేసినా క్షీణిస్తాయి. ఇవన్నీ మీరు కంఠతా పట్టనక్కర్లేదు. బాక్సు మీద ఇండెంట్ పెట్టినవారి ఫోన్ నంబర్ ఉంటుంది, వచ్చిన గంటలో ఒక్క ఫోన్ చేయండి. ఆదివారమైనా, దసరా సెలవులైనా పరుగెత్తుకొస్తాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. మేం థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి వయల్స్ కాపాడుకోవాలని చూశాం, ఐసు దొరికితే కదా. ఆ తర్వాత చాలా చోట్ల జెనరేటర్ లైన్లు వేశారు. ఏసీలకు వేశారు, కంప్యూటర్లకు వేశారు. మా యాంటీబాడీ ఫ్రిజ్ ఏ ప్లగ్గులో ఉందో ఎవరైనా ఒకసారి చూస్తే బాగుండును.

గైడ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. సార్, మేడమ్, చనువు తీసుకుంటున్నందుకు ఏమీ అనుకోకండి. సరైన క్లోన్ వచ్చినా, సరిగ్గా దాచినా, రిసెప్టర్ కణం మీద లేకపోతే యాంటీబాడీ ఏం చేస్తుంది? సీడీ163 ఊడిపోయే రకం. మామూలుగా అది రక్తంలో విడుదలైన హీమోగ్లోబిన్‌ని, హాప్టోగ్లోబిన్‌తో జతకట్టాక, మాక్రోఫేజ్‌లోకి లాగే రిసెప్టర్. కణానికి చురక తగిలితే ఏడీఏఎమ్17 అనే ఎంజైమ్ దాన్ని కత్తిరించి బయటికి వదిలేస్తుంది. ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొర పదార్థం) వేసినా అంతే, పీఎమ్‌ఏ అనే రసాయనం వేసినా అంతే. మనం టీహెచ్‌పీ-1 అనే, ల్యాబులో పెంచే కణాలను మాక్రోఫేజ్‌లుగా మార్చడానికి పోసేది ఆ పీఎమ్‌ఏనే. ఆ పైన ప్లేటుకి అంటుకున్న కణాలను లేపడానికి ట్రిప్సిన్ పోస్తాం. ట్రిప్సిన్ ప్రోటీన్లను కోసే ఎంజైమ్, పైనున్న రిసెప్టర్లను వదిలిపెడుతుందా? ఇంత చేసి సీడీ163 తగ్గింది కాబట్టి ఇవి ఎమ్1 (మంట పుట్టించే రకం) అయిపోయాయి అని సెమినార్‌లో చెప్పేస్తాం. చల్లని ఈడీటీఏ బఫర్‌లో కాసేపు ఉంచి నెమ్మదిగా లేపమంటే టైమ్ లేదంటారు. ఊడిపోయిన సీడీ163 కల్చర్ ద్రవంలోనే ఉంటుంది, ఎలైసా పరీక్షతో కొలిస్తే తెలుస్తుంది. రెండూ కలిపి చూడమని స్కాలర్‌కి చెప్పండి.

ఎమ్1, ఎమ్2 (మంట తగ్గించి గాయం మాన్పే రకం) అన్న రెండు గదుల్లో మాక్రోఫేజ్‌లన్నిటినీ సర్దేసే అలవాటు కూడా కొంచెం తగ్గించుకుందాం. ఐఎల్-4 అనే సైటోకైన్ (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్) వేస్తే ఎలుక మాక్రోఫేజ్‌ల మీద మన్నోస్ రిసెప్టర్ (అదే సీడీ206) పెరుగుతుందని 1992లో చూపించారు, ఆ దారిలోనే సీడీ206 ఎమ్2కి గుర్తు అయి కూర్చుంది. ఒక్క సీడీ206 పాజిటివ్ అని చెప్పి ఎమ్2 అని రాసేయడం, నుదుట నామం చూసి మనిషి స్వభావం చెప్పేసినట్టు. ఏ సైటోకైన్ వేశామో, ఎన్ని గంటలు ఉంచామో రాసి, మూడు నాలుగు మార్కర్లు కలిపి చూపిస్తే రివ్యూయర్ ముందు మనకే మర్యాద. థీసిస్‌లో మెటీరియల్స్ చాప్టర్లో కంపెనీ పేరు, ఊరు పేరు రాసి ఊరుకుంటున్నాం. క్లోన్, క్యాటలాగ్ నంబర్, లాట్ నంబర్, ఎంత పలచన చేశామో రాయకపోతే, తర్వాత వచ్చే స్కాలర్‌ ఆ చాప్టర్‌ని ఏం చేసుకుంటాడు?

డబ్బు ఎక్కువ అడుగుతున్నానని మీకు అనిపిస్తుండొచ్చు. తిరిగి కొంత మిగల్చొచ్చు కూడా. కొత్త వయల్ రాగానే టైట్రేషన్ చేస్తే, అంటే తగ్గించుకుంటూ పోయి ఎంత దాకా సిగ్నల్ నిలబడుతుందో చూస్తే, కంపెనీ టెస్టుకి 5 మైక్రోలీటర్లు అన్నచోట నాకు చాలాసార్లు 1 మైక్రోలీటరే సరిపోయింది. బ్యాక్‌గ్రౌండ్ కూడా తగ్గింది. మార్చి 31 లోపు గ్రాంట్ ఖర్చుపెట్టాలని, యూసీ (ఖర్చు చేశామని ఇచ్చే సర్టిఫికెట్) పంపాలని హడావిడిగా కొని ఎక్స్‌పైరీ దాకా ఫ్రిజ్‌లో పడి ఉన్న వయల్స్‌ని లెక్కేస్తే ఎఫ్‌సి బ్లాక్‌లు ఎన్ని వచ్చేవో. 2025 జూన్‌లో కేంద్రం తన పరిశోధన సంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి 1 లక్ష నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. ఆ సడలింపు వర్తించే చోట కూడా ‘అలవాటు ప్రకారం మూడు కొటేషన్లు’ అడుగుతున్నారంటే ఇక రూల్‌ని అనడానికేం లేదు.

ఇంకొక్కటి. ఈ ఊళ్లో మాక్రోఫేజ్‌ల మీద పనిచేసే ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరి ఫ్రిజ్‌లో ఏ క్లోన్ ఉందో ఎవరికీ తెలియదు. మద్దిలపాలెంలో ఒకరు పడేసిన ఐసోటైప్ కంట్రోల్ కోసం గాజువాక వైపు ఒకరు రెండు నెలలు ఎదురుచూస్తున్నారు. నేను 2016 నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ రాస్తున్నాను. ఏ క్లోన్, ఏ లాట్, ఏ కణాల మీద, ఎంత పలచనలో, పనిచేసిందా లేదా. పనిచేయనివి ఎర్ర పెన్నుతో. జర్నల్స్‌లో ఆ ఎర్ర లైన్లు ఎవరూ వేయరు, అందుకే నాకు అవే ముఖ్యం. ఏ సంస్థ అయినా దీన్ని అందరికీ పనికొచ్చే రిజిస్టర్‌గా పెడతామంటే నోట్‌బుక్ తెచ్చి ఇచ్చేస్తాను. చేతిరాతకు మాత్రం ముందే క్షమాపణ.

వచ్చే సోమవారం మా ఇండెంట్ ఒకటి కమిటీ ముందుకు వస్తోంది. మొత్తం ఆరు లైన్లు. మొదటి మూడు యాంటీబాడీలు, ఒక్కో దాని పక్కన క్లోన్ పేరు ఉంటుంది, దయచేసి టైపింగ్‌లో పోనివ్వకండి. నాలుగోది ఎఫ్‌సి బ్లాక్, ఐదోది ఐసోటైప్ కంట్రోళ్లు, ఆరోది వయబిలిటీ డై. కింది మూడింటిలో దేన్నైనా కొట్టేయాలనిపిస్తే, దానికి బదులు పైనున్న యాంటీబాడీల్లో ఒకదాన్ని కొట్టేయండి. రెండింటితో సరిపెట్టుకుంటాం.

ఇట్లు,
విశాఖపట్నంలోని ఒక ల్యాబ్ నుంచి
మీ ప్రాజెక్టు స్టాఫ్ ఒకరు